నిప్పుగొంతు పిట్ట రాలేదు

వసంతకాలం పొద్దుటిపూట నగరం నడుమనున్న పార్కులో, పిట్టల్ని చూడ్డానికి హ్యారియెట్ లిప్‌మన్ వెనక నడిచేవాళ్ళెవరూ మాట్లాడకూడదు. ఆవిడ ఉన్నట్టుండి ఆగి, కళ్ళు మూసుకుని, "ఎడం పక్క మేపుల్ చెట్టు, పైకొమ్మ" అంటుంది. అందరూ బైనాక్యులర్లు ఎత్తేసరికి పిట్ట అక్కడే ఉంటుంది.

యాంస్టర్‌డాం ఎవెన్యూలో డ్రైక్లీనింగ్ దుకాణం వెనకగదిలో, పరాయివాళ్ళ ప్యాంట్ల అంచులు కుడుతూ జీవితమంతా గడిపిన మనిషి. తనకంటూ చెప్పుకోవడానికి ఆ చెవులు తప్ప ఏమీ లేవు.

రాత్రంతా ఎగిరి ఈ చెట్లలో వాలే వలసపిట్టల్లో ఆవిడకి ప్రాణం నిప్పుగొంతు. వేలెడంత ఉంటుంది. గొంతు మీద నిప్పుకణిక రంగు. పాట సన్నగా మొదలై, ఇంకా ఇంకా సన్నబడి, చివరికి గాలిలో కలిసిపోతుంది. ఎత్తయిన ఓక్ చెట్ల కొసల్లో తిరుగుతుంది కనుక ముందు చెవికి దొరికితేనే తరవాత కంటికి దొరుకుతుంది.

నిరుడు వసంతంలో అది ఆవిడ చెవికి దొరకలేదు. ఈ ఏడూ దొరకలేదు.

"అయిపోయింది. అద్దాల మేడలకి గుద్దుకుని చచ్చిపోయుంటాయి అన్నీ" అంది బెంచీ మీద కూర్చుని. చెబుతూ కళ్ళు ఒత్తుకుంది.

పక్కన కూర్చున్న విన్నీ టామ్ తన కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. విన్నీ నర్సు. డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తుంది. పిట్టల్ని పోల్చుకోవడం హ్యారియెట్ దగ్గరే నేర్చుకుంది.

పార్కులోనే గుట్టమీదున్న చిన్న రాతికోట నుంచి దిగివస్తున్న రూబెన్ అకోస్టా వాళ్ళని చూసి ఆగాడు. ఒకప్పుడు సిటీ బస్సు నడిపేవాడు, ఇప్పుడు డేగల్ని చూస్తాడు.

"మళ్ళీ ఏడుపేనా హ్యారియెట్? పైకి రా. నా డేగ ఆకాశం నడిమధ్య నిలబడి 'చూసుకో' అంటుంది. నీ పిట్టల్లాగా నేరం చేసినట్టు ఆకుల చాటున దాక్కోదు."

"మీరూ మీ డేగలూ! మూగమొద్దుల్లా నోరు తెరుచుకుని పైకి చూస్తూ కూర్చోడం కూడా ఒక పనేనా? పాట లేని పిట్ట నాకెందుకయ్యా?"

మామూలుగా అయితే దీనికి రూబెన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆరోజు విన్నీ వైపు ఒకసారి చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే చలివాన పట్టుకుంది. అలాంటి వానకి పురుగులు కిందికి దిగుతాయి, వాటి వెంటే పిట్టలూ దిగుతాయి. వాన వెలిసిన పొద్దున హ్యారియెట్, విన్నీ వాగు దగ్గరికి వెళ్ళారు. చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో, తడిపొద మీద నిప్పుగొంతు కూర్చుని ఉంది.

హ్యారియెట్ విన్నీ చెయ్యి పట్టుకుంది. "వచ్చింది! విన్నీ, వచ్చిందే!" అని గుసగుసలాడింది.

పిట్ట తల వెనక్కి వాల్చింది. ముక్కు తెరిచింది. ఆ ఎర్రటి గొంతు గడగడ వణికింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ వణికింది. ఆకుల మీంచి జారే నీటిచుక్కల చప్పుడు హ్యారియెట్‌కి స్పష్టంగా వినిపిస్తోంది. దూరాన టాక్సీ హారన్ వినిపిస్తోంది.

"పాడుతోందా?"

విన్నీ బైనాక్యులర్లు దించింది.

"నిన్నే. పాడుతోందా అది?"

"పాడుతోంది."

"నిరుడు?"

"నిరుడూ వచ్చాయి. బోలెడు." విన్నీ కళ్ళు తుడుచుకుంది. "ఎలా చెప్పమంటారు? మీరు అవి చచ్చిపోయాయని ఏడుస్తుంటే, 'కాదు, మీ తలమీదే పాడుతున్నాయి' అని ఏ నోటితో చెప్పను?"

"రూబెన్‌కీ తెలుసా?"

"అందరికీ తెలుసు."

హ్యారియెట్ ఆ పిట్టనే చూస్తూ నిలబడింది. ఆ ఓక్ చెట్ల కింద, తన వెనక నిశ్శబ్దంగా నిలబడి, అందరూ ఆ పాట విన్నారు. విని, ఆవిడ దుఃఖానికి తలలూపారు.

చెవి డాక్టరు మెషిన్ ఇచ్చాడు. మనుషుల మాటలకైతే పనికొస్తుంది కానీ అంత సన్నటి పాటని అందుకోలేదన్నాడు. ఆ తరవాత ఆవిడ పిట్టల్ని చూసే నడకకి వెళ్ళలేదు. తక్కిన వసంతమంతా విన్నీయే ముందు నడిచింది. కళ్ళు మాత్రం మూసుకునేది కాదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం హ్యారియెట్ కోట మెట్లెక్కింది. రూబెన్ పక్కకి జరిగి, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చాడు. వెక్కిరించలేదు. వెక్కిరిస్తే బాగుండుననిపించింది ఆవిడకి.

నగరం మీద వేడిగాలిలో డేగలు గుండ్రంగా తిరుగుతూ పైకి, ఇంకా పైకి లేచాయి. మిరియపు గింజలంత అయ్యాక, రెక్కలు చాపుకుని దక్షిణానికి జారిపోయాయి.

"అరుస్తున్నాయా?" అని అడిగింది.

"లేదు. అంత ఎత్తు నుంచి ఎవరికీ వినబడదు హ్యారియెట్."

నిజమే అయ్యుండొచ్చు. ఆవిడ బైనాక్యులర్లు దించి, ఆకాశం వంక కాక, కోట గోడ వెంట డేగల్ని చూస్తూ నిలబడ్డ జనం ముఖాల వంక చూసింది, ఎవరైనా ఏదైనా వింటున్నారేమోనని.