దేవిడీ హర్రాజులో మామ కొన్న ఛడీ

మొన్న శ్రావణంలో మా ఆడబిడ్డ మనుమరాలి పెళ్లికి పాతబస్తీలోనే ఒక ఫంక్షన్ హాలుకు పోయిన. భోజనాల వరుసలో ప్లేటు పట్టుకుని నిలబడితే, ముందరివాళ్లు బగారా అన్నం దగ్గర ఎంతకూ కదలరాయె, ఏం తోచక కిందికి చూసిన. నల్లరాతి మెట్లు, నడుమ అరిగి గిన్నెల్లెక్క పల్లంగ అయినయి. పైనంతా కొత్త టైల్సు, రంగు లైట్లు, ప్లాస్టిక్ పూలు, మెట్లు మాత్రం అవే. ఇది ఒకప్పటి నవాబుల బంగళా, ఆ దేవిడీనే అని, ఈ వాకిట్లోనే మా మామ మళ్లా మనిషైండని గుర్తుపట్టినంక ఇంక ఆకలి ఎక్కడిది? ప్లేటు పక్కన పెట్టి ఒక కుర్చీ చూసుకుని కూర్చున్న.

మా మామ రైల్వేలో కీమాన్‌గ చేసి రిటైరయిన మనిషి. పొద్దు పొడవకముందే సుత్తె, పానా భుజాన వేసుకుని పట్టాల వెంట నడుచుకుంట, ఎక్కడ బోల్టు వదులైతే అక్కడ వంగి బిగించుకుంట పోవడమే ఆయన నౌకరీ. వానైనా ఎండైనా నడకే. అట్లాంటి మనిషి రిటైరైన కొన్నాళ్లకే బావి దగ్గర జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నడు. ఎముకైతే అతికింది గని, కట్టె పట్టుకుని రోజూ నడవకపోతే కాలు బిగుసుకపోయి ఇంక ఎన్నటికీ లొంగదని డాక్టరు గట్టిగనే చెప్పిండు. దవాఖాన వాళ్లిచ్చిన కట్టెను మామ మంచం కిందికి నూకిండు. ఫలక్‌నుమా స్టేషన్ తొవ్వలో తనతో పనిచేసినోళ్లు ఎదురైతరని, కట్టెతోని కనపడుడెట్లని ఆయనకు సిగ్గు. మా ఆయన బతిమాలిండు, అత్తమ్మ లొల్లి చేసింది, మామ గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. టెలిఫోన్ ఆఫీసు నుంచి నేను సాయంత్రం ఇంటికొస్తే ఆ మంచం మీద రోజురోజుకు మనిషి చిన్నగైతున్నట్టే అనిపించేది.

కొత్త కోడలిని, గట్టిగ చెప్పే చనువు లేదు. అందుకని ఒక ఆదివారం చిన్న అబద్ధమాడిన. బేగంబజార్లో వంటకు పెద్ద గిన్నె, బగోణె కొనేదుంది, నాకు బేరం చెయ్యరాదు, మీరు రిక్షా దిగకుండనే కూర్చోండ్రి మామా అన్న. ఆయనకు నా మీద జాలి కలిగిందో, ఇంట్ల లొల్లి వినీ వినీ విసుగొచ్చిందో, సరేనన్నడు.

తిరిగొస్తుంటే ఈ దేవిడీ ముందర జనం నిండి రిక్షా ఆగింది. లోపల హర్రాజు నడుస్తున్నది, వేలం పాటను మా వైపు గట్లనే అంటం. చూసి పోదామా అంటే మామ కాదనలేదు. రిక్షా అతను, నేను చెరోపక్క పట్టుకుని తీసుకపోయి వాకిట్ల ఒక కుర్చీలో కూర్చోబెట్టినం.

చలికాలం పొద్దు. ఎండ రంగుటద్దాల కిటికీల్లోంచి పడి, నేల మీద పరిచిన తెల్లదుప్పట్లు అక్కడక్కడ పచ్చగ, ఎర్రగ మెరుస్తున్నయి. ఆ దుప్పట్ల మీద ఎవరో తాతలు తొడిగిన ఫౌజు కోట్లు, ఇత్తడి గుండీలు, రిబ్బను వెలిసిపోయిన పతకాలు, కత్తి లేని ఒర, అద్దాల పెట్టెలో మెడరుమాలుకు గుచ్చుకునే రాళ్ల పిన్నులు. గాలంతా కలరా ఉండల వాసన. హర్రాజు పాడేటాయన గొంతు కూడా ఎక్కడో దూరం నుంచి, నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది. నాకైతే మెలకువల ఉన్ననా, కల కంటున్ననా తెల్వలేదు.

మామ చూపు మాత్రం ఒక ఇత్తడి గంగాళం మీద నిలిచింది. దానినిండ చేతికర్రలు, ఛడీలు. అందులోంచి ఒకటి అడిగి తీసుకున్నడు. నల్లకర్ర, బర్రెకొమ్ముతో చెక్కిన చిలుక తల పిడి. రైలు పట్టాను చూసినట్టే దాన్ని గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, పగులు లేదు బిడ్డా అన్నడు. ఎన్నో వారాలకు ఆయన తనంతట తాను నాతో అన్న మాట అది. దాని వంతు రాగానే చెయ్యెత్తిండు. సూటు వేసుకున్న ఒక వ్యాపారి కాసేపు పోటీకొచ్చి, మామ చెయ్యి దిగకపోయేసరికి నవ్వి ఊరుకున్నడు. ఛడీ మాదైంది.

అప్పుడు లోపలి గది పరదా దగ్గర నుంచి ఒక పనిమనిషి వచ్చి, ఛడీ కొన్నది ఎవరని అడిగింది. అది చనిపోయిన పెద్ద సాహెబుదట. వాళ్ల బేగం పరదా వెనుక కూర్చున్నరట. "జరా చల్ కే దిఖాతే క్యా, భాయ్ సాబ్? అమ్మాజాన్‌కు దాని ఆవాజ్ వినాలని ఉంది" అన్నది.

సొంత ఇంట్ల మా ముందర కూడా కట్టె పట్టని మనిషి, ఇంతమంది కొత్తవాళ్ల నడుమ నడిచి చూపిస్తడా? పట్టుకుందామని లేచిన. మామ నా చెయ్యి మెల్లగ పక్కకు పెట్టి, పిడి బిగించి లేచిండు. కాలు వణికింది. ఒక్కో అడుగు, వెంట రాతి మీద టక్కుమని చప్పుడు. పరదా దాకా పోయి నిలబడి ఊపిరి తీసుకుని, తిరిగి నడిచిండు. చెమటలు కారుతున్నా ఎక్కడా ఆగలేదు. పరదా అంచు కొంచెం కదిలింది, అంతే.

మామ మళ్లా పరదా దిక్కు తిరిగి, తనకొచ్చిన హిందీలోనే, "అమ్మా, ఆప్ రఖ్ లీజియే. మీ దగ్గర్నే ఉండనియ్యిండ్రి" అన్నడు.

లోపలి నుంచి సన్నని గొంతు వినపడింది. "యహాఁ కోనే మే ఖడీ రహేగీ. చల్‌నే దో."

ఇక్కడుంటే మూలకు నిలబడే ఉంటది, నడవనియ్యిండ్రి అని. ఆ గొంతు మనిషిని నేను చూడలేదు, ఇప్పటికీ ముఖం లేకుండనే జ్ఞాపకమొస్తది.

ఆ రోజు మామ రిక్షాను గల్లీ మొదట్లనే ఆపించిండు. అందరూ చూస్తుండంగనే ఇల్లు దాకా నడిచిండు. వాకిట్ల నిలబడ్డ అత్తమ్మ నోరు తెరిచేలోపే, ఇది ఆసరాకు తెచ్చింది కాదు, షౌకుకు, సరదాకు తెచ్చిందని చెప్పి లోపలికి పోయిండు.

ఆ షౌకు నిజంగనే పట్టుకుంది. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు మేమిద్దరం హర్రాజులు తిరిగినం. కొన్న ప్రతి ఛడీ బరువెంతో చూడాలని ఆయన స్టేషన్ దాకా పోయి వచ్చేటోడు, పాత దోస్తులను ఆపి పిడి పనితనం చూపించేటోడు. కాలు బాగుపడ్డదని ఆయన ఒప్పుకోలేదు, మేమూ అనలేదు. నేనొకసారి ఆకుపచ్చ రాయి పిన్ను కోసం తెలవకనే చెయ్యెత్తితే మగవాళ్లు నవ్విన్రు. "మా కోడలు చెయ్యెత్తింది, లెక్కల పట్టుండ్రి" అని మామ గట్టిగ అన్నడు. ఆ పిన్నుతోనే నా పిచ్చీ మొదలైంది. ఎవరో సచ్చినోళ్ల సామాను ఇంట్లకు తెస్తున్నరని అత్తమ్మ నిమ్మకాయలతోని దిష్టి తీసి పడేసేది. మామ పోయినంక మాత్రం, పరామర్శకొచ్చిన ముసలోళ్లకు ఆ ఛడీలను, చిలుక తలదానితో సహా, తలొకటి తానే ఇచ్చి పంపింది. వెండి పొన్ను ఉన్న ఒక్కదాన్ని దాచుకుని, దండెం మీది చీరలు జరపడానికి చాలా ఏండ్లు వాడింది.

ఇప్పుడు దేవిడీలు లేవు, హర్రాజుల డప్పులూ లేవు. పాత వస్తువులు ఫోన్ల బొమ్మలు చూసి కొంటున్నరు, డబ్బాలో ఇంటికొస్తయి, చూసుకుని మురుస్తరు, నేనూ కాదనను. కానీ ఒక ఇంటి సామాను ఇంకో ఇంటికి పోయేటప్పుడు ఆ ఇంటివాళ్లు అక్కడ ఉండేది, కొనేటోడిని ఒకసారి చూసుకునేది, ఒక మాట చెప్పి సాగనంపేది. ఆడపిల్లను అత్తగారింటికి పంపినంత పని అది. ఆ సాగనంపుడు ఎప్పుడు ఆగిపోయిందో మనం ఎవరమూ గమనించలేదు. ఆదివారం పొద్దున చాయ తాగి ఊరికే కూర్చుంటే, తయారైనవా బిడ్డా, పోదాం పా అని బయటి నుంచి ఎవరో పిలుస్తరేమోనని ఇంకా చెవి అటే పోతది.