డ్రైవరన్నయ్య పట్టిన దొంగ

మా డ్రైవరన్నయ్య పోయాడు. పోయిన బుధవారం పొద్దున నేను వంటింట్లో కొత్తిమీర కడుగుతుంటే, ఈ ఎడారి దేశంలోనే ఫర్వానియాలో ఉండే ఆయన తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. సెలవు మీద రాయచోటి వెళ్లి నెల కూడా కాలేదు. టీ తాగి, గుండెలో నొప్పిగా ఉందన్నాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. కుళాయి కట్టడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయాను.

ఒకే ఇంట్లో ఎనిమిదేళ్లు పనిచేశాం. కారు ఆయనది, వంటా ఇల్లూ నావి. నాది అమలాపురం దగ్గర పల్లె. ప్రతి మాటకీ ‘అండి’ తగిలిస్తానని ఆటపట్టించేవాడు. “నువ్వు పిల్లిని గూడా అండీ అంటావు మా,” అనేవాడు. నిజమే, అంటాను.

ఏ యంత్రం మొరాయించినా, పిల్లలకు జ్వరం చూసినట్టు, దాని మీద చెయ్యి తిరగేసి పెట్టి చూసేవాడు. కారు బానెట్ అయినా అంతే, నా మిక్సీ అయినా అంతే. “ముందర చూడాల. మాట మళ్ల,” అనేవాడు. ఆ మాట విలువ నాకు పోయిన వేసవిలో తెలిసింది.

మా యజమానిని మేం బాబా అంటాం, ఆయన భార్యని మామా అంటాం. బాబా డాబా మీద సోలార్ పలకలు పెట్టించాడు. ఏడాది పాటు బాగానే పనిచేశాయి. ఎండలు ముదరగానే కరెంటు సగానికి పడిపోయింది. రోజూ పొద్దున్నే పైకెక్కి వాటి మీది ఇసక దుమ్ము కడిగేది నేనే. కంపెనీ మనిషి వచ్చి, పైన ఒక చుట్టు తిరిగి, పనిమనిషి గరుకు గుడ్డతో తుడిచి పలకలు పాడుచేసిందని మామాతో చెప్పి పోయాడు. నాకు భయం వేసింది. ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కాగితం గడువు ఆ నెలాఖరుకే. ఇంటికి పంపించేస్తారనుకున్నాను.

“మెత్తటి గుడ్డే వాడానండి, అన్నయ్యా,” అన్నాను ఏడుపు గొంతుతో.

“నాకు చెప్తే ఏమొస్తాది? రేపు శుక్రవారం, నాకు సెలవు. పైన కూసుంటా. దాన్నే అడుగుదాం.”

అన్నట్టే పొద్దున ఆరింటికి స్టూలు వేసుకుని, తలకి తడి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. పలకల నుంచి వచ్చే కరెంటు గోడకున్న ఇన్వర్టర్ పెట్టెలోకి చేరుతుంది. దాని మీద అంకె కనిపిస్తుంది. గంట గంటకీ ఆ అంకెను జ్యూస్ డబ్బా అట్టమీద రాశాడు. దేని మూతా తియ్యలేదు, ఏ తీగా ముట్టుకోలేదు. మజ్జిగ తీసుకుని నేను పైకెళ్లేసరికి పది దాటింది. “తొమ్మిది దాకా ఎక్కుతా పోయింది. ఎండ ముదిరే పొద్దుకి దిగుతాంది. పలకలు చెడిపోయుంటే పొద్దున గూడా రాకూడదు గదా,” అన్నాడు.

లేచి పెట్టె మీద చెయ్యి తిరగేసి పెట్టాడు. చటుక్కున లాక్కున్నాడు. వేడిగాలి తగిలిన మెడ తడుముకుని వెనక్కి తిరిగాడు. డాబా మీదే ఆయన గది. ఆ వేసవిలోనే బాబా దానికి కొత్త ఏసీ పెట్టించాడు. దాని బయటి పెట్టె వదిలే వేడిగాలంతా సూటిగా ఇన్వర్టర్‌కే కొడుతోంది. గది చల్లగా ఉండాలని పగలు కూడా ఆపని ఏసీ అది. వెళ్లి ఆపాడు. అరగంటలో అంకె పైకి లేచింది. మళ్లీ వేస్తే, పెట్టె వేడెక్కి మళ్లీ దిగింది.

ఆయన నవ్వుతూ స్టూలు మీద కూలబడ్డాడు. “దొంగోడు నా గదిలోనే ఉండాడు మా.”

నాకు నవ్వు రాలేదు. ఆ ఏసీ కోసం ఆయన మూడు వేసవులు ఎదురుచూశాడు. “చెప్పకండి అన్నయ్యా, తీసేస్తారు. కంపెనీవాళ్లే కనుక్కుంటారు లెండి,” అన్నాను.

“నీ మీద పడిన మాట మరి ఎవురు తుడస్తారు?” అని అట్ట పట్టుకుని కిందికి దిగిపోయాడు.

మామా ఆ ఎండలో తానే పైకొచ్చింది. రెండు పెట్టెల మధ్యా నిలబడింది. వేడిగాలి మొహానికి కొట్టగానే “ఖలాస్, ఇక చాలు” అని కంపెనీకి ఫోన్ చేసింది. నాలుగు రోజులకు వాళ్లొచ్చి ఏసీ పెట్టెను అవతలి గోడకి మార్చారు. ఏసీ పోలేదు, కరెంటూ పోలేదు. మామా నా ఇఖామా గడువు పొడిగించమని కాగితాలు అన్నయ్యకిచ్చి ఆఫీసుకి పంపింది. ఆ నాలుగు రోజులూ ఆయన పగలు ఏసీ వెయ్యలేదు. “కొంచెం చెమట పడితే ఏమైతాది? మనమేమన్నా ఇన్వర్టరా?” అనేవాడు.

తర్వాతి శుక్రవారం సాయంత్రం, తన సెలవైనా, ఇంటిల్లిపాదినీ అబూ హలీఫా సముద్రానికి తీసుకెళ్లాడు. మామా, పిల్లలు చాప మీద కూర్చున్నారు. ఆయన ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, నీళ్లలోకి దిగి, ఊళ్లో ఉన్న వదినకి వీడియో కాల్ చేశాడు. ఫోను అలలవైపు తిప్పి పట్టుకున్నాడు.

“సముద్రం యాడికీ పోదులే. నీ మొగం చూపీ,” అంటోంది వదిన.

“చూడు చూడు, ఎట్లొస్తాందో,” అంటున్నాడు ఆయన. అల వచ్చి నడుందాకా తడిపింది. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, నవ్వుతూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఫోను మాత్రం ఇంకా నీళ్లవైపే ఉంది.