అక్క చదువుకు రెండు చింతపిక్కలు

ఒసే సత్యవతీ, కామా ఊపిరి పీల్చుకోవడానికని నిన్న నా పోస్టు కింద రాశావు. తప్పు. ఊపిరికి ముక్కుంది.

ఇవాళ చింతపండు పిక్కలు తీస్తుంటే గుర్తొచ్చింది. మా అనకాపల్లి ఇంట్లో నాన్న సుద్దముక్కతో నేలమీద ఇంగ్లీషు రాసి, కామాలకు చింతపిక్కలు పెట్టించేవారు. ఆరోజు రాసింది: "ది గర్ల్స్ స్టడీయింగ్ వెల్ విల్ గో టు హైస్కూల్." అంటే బాగా చదివేవాళ్లే వెళ్తారు. అక్క లెక్కల్లో తప్పింది, చదువు ఆగినట్టే. నేను "స్టడీయింగ్ వెల్"కి అటొకటి, ఇటొకటి పిక్క పెట్టాను. అంతే! ఆడపిల్లలందరూ బాగా చదివేవాళ్లే, అందరూ వెళ్తారు!

ఇంతలో నాయనమ్మ చీపురుతో పిక్కలు ఊడ్చేసింది.

"అక్క సదువు ఊడ్సేసేవే నాయనమ్మా!"

"ఓలమ్మో! ఆ పిక్కల్లో ఉందేటే?" అని తనే ఏరి పెట్టి, "ఒరే, ఇద్దర్నీ పంపు" అంది నాన్నతో. ఇద్దరం వెళ్లాం!

శనివారం నీ మనవరాళ్లను నోటుబుక్కులిచ్చి నా దగ్గరికి పంపు. మార్కులొచ్చినదాన్నే కాదు, ఇద్దర్నీ.