సుబ్బులు చెయ్యని నేరం

ఆ రోజుల్లో మా అక్క పెంచుకున్న సుబ్బులు అనే పిల్లి మీద ఒక నేరం పడింది. ఆ నేరం చేసింది నేను. నోరు మూసుకుని ఊరుకున్నా కొంత నయమే, పిల్లి మీద సాక్ష్యం కూడా నేనే చెప్పాను. ఇన్నేళ్లుగా మా బంధువుల్లో ఎవరైనా "మీ బావకి ఉబ్బసం ఆ పిల్లి తెచ్చిందే కదూ" అంటే పక్కనే కూర్చుని తల ఊపుతూ వచ్చాను. ఇప్పుడు నాకూ యాభై దాటాయి. ఇక తల ఊపే ఓపిక లేక, జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

ఎనభైల మొదట్లో చదువు ముగించి, విదేశంలో షామ్‌బర్గ్ అనే చలి ఊళ్లో ఉద్యోగం దొరికితే, అక్కడే అద్దింట్లో ఉంటున్న అక్కా బావల దగ్గర దిగాను. వంటింటికి ఆనుకున్న హాల్లో సోఫా నా పడక. చలికాలం రాగానే ఇంటిని కట్టుదిట్టం చేసే బాధ్యత నెత్తికెత్తుకున్నాను. (మెకానికల్ ఇంజనీరుకి ఎవరూ పని చెప్పక్కర్లేదు, తనే కనిపెట్టుకుంటాడు.) కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ షీట్లు పరిచి, చుట్టూ టేపు అంటించాను. అయినా పొయ్యి మీదున్న ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టంలోంచి చలిగాలి సరిగ్గా నా తల మీదికే వస్తోంది. ఒక ఆదివారం బయటికెళ్లి, గోడకున్న ఆ గొట్టం రేకు మూత ఎత్తి, ఆ దేశంలో ఎలాగూ కట్టని నా ఆకుపచ్చ గళ్ల లుంగీని ఉండచుట్టి గొట్టంలో కుక్కాను. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. హాయిగా నిద్రపట్టింది.

"ఏరా, ఈ ఫ్యాను పొగ లాగడం లేదేమిటి?" అంది అక్క మర్నాడు, గ్యాస్ పొయ్యి మీద ఎండుమిరపకాయల పోపు వేస్తూ, కళ్లు తుడుచుకుంటూ.

"తిరుగుతోంది కదక్కా. చప్పుడు వినపడటంలా?"

"చప్పుడు బానే ఉంది. పొగ ఎటూ పోటంలేదు."

"చలికి పొగ బరువెక్కుతుంది. మెల్లిగా లేస్తుంది. అదంతా ఫిజిక్సు, నీకు తెలీదులే."

మా అక్క బీయే తెలుగు. కళ్లు తుడుచుకుని పోపు దించేసింది.

బావకి అప్పటికి నలభై ఉంటాయి, జలుబు కూడా ఎరగని మనిషి. నెల తిరక్కుండా దగ్గు మొదలైంది. ఆఫీసులో బాగానే ఉంటాడు, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చునేసరికి ఆయాసం, గుండెల్లో పిల్లికూతలు. (దానికి మనవాళ్లు ఆ పేరు పెట్టడం కూడా సుబ్బులు ఖర్మే.) అక్కకి తెలిసిన వైద్యం సాంబ్రాణి. నేను ఉత్సాహంగా బార్బెక్యూ బొగ్గులు కొనుక్కొచ్చి, మూకుట్లో నిప్పు చేసి ఇచ్చాను. గాలి చొరబడని ఇంట్లో నిప్పులు, వాటి మీద ధూపం! బావ దగ్గిన కొద్దీ అక్క ఇంకాస్త వేసేది. మేం ముగ్గురం ప్రాణాలతో బయటపడ్డామంటే అందులో నా చదువు గొప్పేమీ లేదు.

ఒక సాయంత్రం బావ గోడ పట్టుకుని, "ఏమోయ్... ఇంజనీరూ... కారు... తియ్యి" అన్నాడు. ఆ నాలుగు ముక్కలకే మూడుసార్లు ఆగాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆస్పత్రిలో ఆయన్ని లోపలికి తీసుకెళ్లి ముక్కుకి మాస్కు పెట్టాక, డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. ఆస్తమా ఈ వయసులో కూడా మొదలవచ్చు, ఇంట్లో గాలి ఎలా ఉంటుందన్నాడు. గ్యాస్ పొయ్యేనా? అవును. ఫ్యాను పొగని బయటికి పంపిస్తుందా? తిరుగుతుందన్నాను. కిటికీలు తెరుస్తారా? లేదు. గోడలకి చెమ్మ? ప్లాస్టిక్ కింద నల్లగా బూజు. ఏమైనా కాలుస్తారా? ఆయన అడుగుతున్నకొద్దీ నా చలికాలపు ఘనకార్యాలన్నీ ఎవరో ఆయనకి చెప్పి పంపినట్టే ఉంది. చివరికి, పెంపుడు జంతువులున్నాయా అన్నాడు.

"పిల్లి ఉంది!" అన్నాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏ పరీక్షలోనూ జవాబు చెప్పలేదు.

"అదీ కావచ్చు. ముందు ఆ పొగ సంగతి చూడండి" అన్నాడు.

ఇంటికి రాగానే తిన్నగా గోడ దగ్గరికి పరిగెత్తాను. రేకు మూత మంచులో బిగుసుకుపోయింది. గోళ్లు విరిగాయి గాని అది కదల్లేదు. లోపలికెళ్లి నిజం చెప్పడం ఒక్కటే దారి.

"డాక్టరేమన్నాడ్రా?" అక్క గుమ్మంలోనే ఉంది, సుబ్బులు ఆమె చంకలో.

"సాంబ్రాణి మానెయ్యమన్నాడు. కానీ అసలు కారణం... పిల్లట అక్కా."

"ఇదా? ఇది మీ బావ దగ్గరికే పోదు కదరా!"

"బొచ్చు గాల్లో తేలుతుంది. అది కూడా ఫిజిక్సే."

మర్నాడు బావ ఇంటికొచ్చి, "పోనీ ఉండనీవే, తలుపేసుకుంటాను" అన్నాడు. "మీరు ఊపిరి తీసుకుంటే నాకదే చాలు" అని అక్క సుబ్బుల్నీ, దాని పాలగిన్నెనీ ఎదురింటి ముసలావిడకి ఇచ్చేసి వచ్చింది.

ఆ వారాంతంలో మంచు కరిగింది. లుంగీ బయటికి లాగితే జిడ్డోడుతూ తారుగుడ్డలా వచ్చింది, చెత్తడబ్బాలో దాచేశాను. ప్లాస్టిక్ షీట్లు కూడా పీకేశాను. ఫ్యాను లాగింది, మందులు పనిచేశాయి, బావ తేరుకున్నాడు. "పిల్లి వెళ్లిందో లేదో, మనిషి లేచి కూర్చున్నాడు!" అన్నారంతా. నేను తల ఊపాను. వేసవిలో ఆ ముసలావిడ సుబ్బులుతో సహా ఫ్లోరిడా వెళ్లిపోయింది. అక్క మళ్లీ పిల్లిని పెంచలేదు.

మొన్న ఇద్దరూ ఫ్రీమాంట్‌లో మా ఇంటికొచ్చారు. అక్క వంటింట్లోకి వెళ్లి, పోపు వేసేముందు ఫ్యాను స్విచ్చి నొక్కి, ఒక టిష్యూ కాగితం పైకెత్తి పట్టుకుంది. అది వెళ్లి జాలీకి అతుక్కుంది.

"ఏంటక్కా అది?"

"లాగుతోందో లేదో చూస్తున్నా. షామ్‌బర్గ్ ఇంటి నుంచీ అలవాటు. తిరిగే ఫ్యానులన్నీ లాగవురా."

ఫిజిక్సు రాని మా అక్క ఒక్క కాగితంతో చేసే పరీక్ష, ఆనాటి ఆ మెకానికల్ ఇంజనీరుకి తట్టలేదు. పాపం వాడికి తట్టనివి ఇంకా చాలా ఉండేవి. మొత్తం చెప్పేశాను, లుంగీతో సహా. హాల్లోంచి బావ నవ్వుతూ, "లుంగీనా! ఏమోయ్ ఇంజనీరూ!" అని దగ్గి, జేబులోని ఇన్‌హేలర్ కోసం తడుముకున్నాడు.

అక్క నవ్వలేదు. "సుబ్బుల్ని ఇచ్చేసి వచ్చేటప్పుడు, అది వాళ్ల కిటికీలోంచి నన్నే చూస్తూ కూర్చుందిరా" అంది.

"తప్పు నాది. నువ్వు అడిగినప్పుడు ఫ్యాను నిజంగానే లాగడం లేదు. సుబ్బులు ఏమీ చెయ్యలేదు. నన్ను క్షమించక్కా" అన్నాను.