ఓడ మీద ఉత్త కాళ్లు

రుషికొండ తీరంలో మా అమ్మాయితో షికారు పడవ ఎక్కబోతూ, పడవవాడు ఇసుకలో విడిచిన చెప్పులు చూసి ఆగిపోయాను.

నా చిన్నప్పుడు, స్టీల్‌ప్లాంటులో పనిచేసే నాన్న మమ్మల్ని సెలవులకి ఓడలో అండమాన్ తీసుకెళ్లాడు. పూర్ణా మార్కెట్‌లో కొన్న కొత్త తెల్ల బూట్లతో ఓడ మెట్లెక్కబోతుంటే మామ్మ అడ్డుపడింది.

"ఓడంటే అమ్మోరే! బూట్లతో తొక్కుతావేటే? ఇప్పీ!"

తరతరాలుగా పడవల్లో చేపల వేటకెళ్లిన కుటుంబం మాది. నాన్న కూడా చెప్పులు విప్పేశాడు. అన్నిటినీ మామ్మ తువ్వాలులో మూటగట్టి చంకన పెట్టుకుంది.

డెక్కు మీది ఇనుము ఎండకి కాలిపోయేది. ఎగిరే చేపలు చూడ్డానికి అందరూ పరిగెత్తుతుంటే, నేను మాత్రం వాళ్ల బూట్లే చూశాను. పడవకీ ఓడకీ తేడా తెలియని వాళ్లమని నవ్వుకుంటున్నారనుకున్నాను.

"మీకు చెప్పుల్లేవా?" అని ఓ పిల్ల అడిగింది. పాదాలు గౌను కింద దాచుకున్నాను.

"కాల్తన్నాయేటే?" అంటూ మామ్మ చీర చెంగు తడిపి అందరి ముందూ నా కాళ్ల కింద పరిచింది. ఇంకా సిగ్గేసింది.

ఇవాళ, నాకు తెలియకుండానే చెప్పులు విడిచి పడవలో కాలుపెట్టాను.

"అమ్మా, అందరూ చూస్తున్నారు" అంది మా అమ్మాయి తల దించుకుని.

ఆ సిగ్గు నాకు తెలుసు. ఆరోజు మామ్మకీ తెలిసే ఉంటుంది.