బయటి పాకలో గీతలు

కొడవలి కోసం ఉప్పలమ్మ పాక కప్పులోకి చెయ్యి పోనిచ్చింది. తాటాకుల సందున చేతికి తగిలింది కొడవలి కాదు, ప్యాకెట్లు. ఒకటి కాదు, అయిదు. మితానిన్, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్త, లక్కే నెలనెలా ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, మందుబిళ్ళలతో పాటు ఆడపిల్లలకు పంచే ప్యాడ్ల ప్యాకెట్లు. ఒక్కటీ విప్పలేదు.

ఉప్పలమ్మ వాటిని కిందికి దించి ఒక్కొక్కటే తిప్పి చూసింది.

అది ఇంటి వెనక బయటి పాక. ఆ ఇంటి ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు అక్కడే కూర్చుంటారు. కంచం వేరు, చాప వేరు. ఉప్పలమ్మ కూతురు ప్రశాంతి అయిదు నెలలుగా తప్పకుండా కూర్చుంటూనే ఉంది. వీధి వీధంతా చూస్తూనే ఉంది. మరి ఈ ప్యాకెట్లేమిటి? పిల్ల ముట్టు కాకుండానే బయట కూర్చుంటోందన్నమాట!

ఇంకో తల్లయితే ‘ఎవడే వాడు’ అని జుట్టు పట్టుకునేది. ఉప్పలమ్మకు ఆ అనుమానమే రాలేదు. ఆమె చూపు మట్టిగోడ మూల దాకా పోయి తప్పుకుంది. అక్కడ బొగ్గు గీతలున్నాయి, పదిహేనేళ్ళ నాటివి. ఏటా గోడలన్నీ అలుకుతుంది గానీ, ఆ మూల మాత్రం అలకదు. చెయ్యి రాదు.

ఆ గీతలు సారక్కవి. సారక్క అంటే ఉప్పలమ్మ ఆడబిడ్డ, మొగుడు ముత్తయ్యకు చెల్లెలు. అన్నలకూ పోలీసులకూ గొడవల కాలంలో ఊరు ఊరంతా రోడ్డు పక్క శిబిరంలో తలదాచుకుంది. రోజుకొక పూట అన్నం, అదీ పలచటి పప్పునీళ్ళతో. సారక్కకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. తన ముద్ద తీసి నాలుగేళ్ళ ప్రశాంతి నోట్లో పెట్టేది. ‘నాకాకలి లేదు వదినే’ అనేది. ఆకలి లేకపోవడమేమిటి, ఆ వయసులో! ఉప్పలమ్మకు తెలుసు. తెలిసీ పిల్ల కడుపు నిండుతోంది కదా అని ఊరుకుంది.

ఊరికి తిరిగొచ్చాక సారక్క నెలనెలా పాకలో కూర్చునేది. కూర్చున్నప్పుడల్లా, శిబిరానికి ముందులాగే, గోడ మీద గీత పెట్టేది. ఏటి దగ్గర ఇద్దరూ పక్కపక్కనే బట్టలుతికేవారు. సారక్క గుడ్డలకు ఒక్కనాడూ మరక లేదు. ఉప్పలమ్మ చూసింది. పెళ్ళి సంబంధాలు వస్తున్నాయి, ఇప్పుడెందుకులే అని నోరు మెదపలేదు. పెళ్ళయింది, కడుపు పండలేదు. రెండేళ్ళకు అత్తగారి వాళ్ళు సంచీతో సహా తెచ్చి గుమ్మంలో దించిపోయారు. ఆ తరవాత సారక్క అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేదే తప్ప తినలేదు. ఏడాది తిరక్కుండా ఈ పాకలోనే పోయింది.

అప్పటినుంచీ ఈ పాకలో కూర్చోవలసి వస్తే ఉప్పలమ్మ ఆ మూలకు వీపు పెట్టి కూర్చుంటుంది. వీపు వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటుంది. ఎవరికీ చెప్పదు. చెబితే గుళ్ళూ గోపురాలూ తిప్పుతారు. దయ్యం పట్టిందంటే నమ్మేవాళ్ళున్నారు గానీ, తప్పు చేశానంటే వినేవాళ్ళెవరు?

ఇక ప్రశాంతి సంగతి. పోలీసు భర్తీలో అన్నీ బాగానే చేసింది, ఎనిమిది వందల మీటర్ల పరుగులో నాలుగు సెకన్లు వెనకబడి పోగొట్టుకుంది. నాలుగంటే నాలుగే సెకన్లు. ఫోన్లో ఎవడో మహానుభావుడు ‘ఒళ్ళు తేలికైతే పరుగు పెరుగుతుంది’ అని చెప్పాడట. ఇక చూసుకోండి! తెల్లారకముందే ఎర్రబోరు ఊరి దాకా పరుగు, పొద్దుగూకేటప్పుడు మళ్ళీ పరుగు. అన్నం మానేసింది. ఉడికించిన శనగలు గుప్పెడు, కీరదోసకాయ, పాలు లేని టీ. బుగ్గలు లోపలికి పోయాయి, దువ్వెన నిండా జుట్టు. ముత్తయ్యేమో రోడ్డు మీద ఫోన్ పట్టుకుని నిలబడి, ‘మూడు సెకన్లు తగ్గిందిరో!’ అని మురిసిపోతాడు.

ఆ పొద్దు ప్రశాంతి చెమటలు కక్కుతూ వచ్చేసరికి ఉప్పలమ్మ పాక గుమ్మంలో అయిదు ప్యాకెట్లూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఎన్ని నెలలాయెనే?”

ప్రశాంతి బూట్లు విప్పబోయి ఆగింది. “ఏడు. మొదటి రెండు నెలలు ఇయ్యాల రేపు వస్తదనుకున్న. బయట కూసోకపోతే నలుగురూ ఏమంటరోనని...”

“అన్నం తినవే తల్లీ.”

“తింటే పరుగు పోతదమ్మా. జనవరిల భర్తీ. ఒక్క సెకను ఉంది, అంతే. నౌకరీ వచ్చినాక తింట.”

“సారత్తప్పుడు నేను గూడ అట్లనే అనుకున్న. పెళ్లయినాక సర్దుకుంటదని.” ఉప్పలమ్మ ప్యాకెట్లు ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది. “ఆమెకు తిండి లేక ఆగింది. నీకు తిండి ముందల పెట్టుకొని ఆగింది. ఆమె గుడ్డలు నేను చూసిన. చూసి నోరు మూసుకున్న. ఆమె నోటికాడి ముద్ద తిని పెరిగినవే నువ్వు! మళ్ళ నన్ను నోరు మూసుకోమంటవా?”

ఈ మాట ప్రశాంతి ఎన్నడూ వినలేదు. మూలనున్న గీతల వంక చూసింది. తన అత్త లెక్క అని తెలుసు గానీ, అది అబద్ధపు లెక్కని ఇప్పుడే తెలిసింది.

మర్నాడు, ఉప్పలమ్మ సంగతంతా చెప్పగా, లక్కే ఇద్దరినీ బస్సెక్కించి సుక్మా ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ ముందు కడుపు నిలిచిందేమోనని పరీక్ష చేయించింది. ప్రశాంతికి తల తీసేసినట్టయింది. తరవాత రక్తం, స్కానింగు. అన్నీ చూసి హిందీలో చెప్పుకుపోతుంటే, లక్కే ఉప్పలమ్మకు అర్థమయ్యేలా చెప్పింది.

“ఒంటికి చాలినంత తిండి లేదంట వదినా. ఉన్నది గుండెకూ ఊపిరికీ సరిపెట్టుకొని, నెలసరి ఆపేసిందంట. ఇట్లనే ఉంటే బొక్కలు గుల్లయితయంట. పరుగు బంద్. మూడు పూటల తిండి. నెలసరి మళ్ళ ఎప్పుడొస్తదో తాను గూడ చెప్పలేనంటాంది.”

తినడం తేలికనుకుంటాం గానీ, అలవాటు తప్పిన కడుపుకు అన్నం బండరాయే. ప్రశాంతి నాలుగు ముద్దలు తిని పొట్ట పట్టుకుని ఏడ్చేది. ‘లావైపోయిన’ అని అద్దం బోర్లించేది. ఒకనాడు బూట్ల కోసం ఇల్లంతా వెతికింది. ఉప్పలమ్మ వాటి మీద పీట వేసుకుని కూర్చుని చేపలు తోముతోంది. “లేవమ్మా!” “లేవను. ఈ చేపలయ్యేదాక లేవను, తిన్నంక కూడా లేవను.” ఇద్దరికీ నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది.

నెల గడిచింది, రెండు, మూడు. జనవరి వచ్చింది. భర్తీ రోజు ముత్తయ్య ఎవరితోనూ మాట్లాడకుండా చేలోకి పోయాడు. ప్రశాంతి గోడకేసి తిరిగి పడుకుంది. ఉప్పలమ్మ వండిన అన్నం మీద మూత పెట్టింది. పరుగూ పోయింది, ముట్టూ రాలేదు. రెంటికీ చెడగొట్టానా పిల్లని?

ఈలోగా వీధికి నోరు లేచింది. బోరింగు దగ్గర ఒకామె బిందె కింద పెట్టి మరీ అడిగింది. “ఏందమ్మా, మీ పిల్ల ఈమధ్య బయట కూసుంటలేదు?”

ఆ మాట ప్రశాంతి చెవిన పడింది. ఇంటికి రాగానే చాప చంకన పెట్టుకుంది. “అమ్మా, మూడు రోజులు కూసుంట. వాళ్ళ నోళ్ళు మూతపడతయి.”

ఉప్పలమ్మ ఒక్క క్షణం సరేననబోయింది. ఎంత సులువు! పాకలోంచి ఎవరో తన వంకే చూస్తున్నట్టనిపించింది. కూతురి చేతిలో చాప లాక్కుని, విసవిసా బోరింగు దగ్గరికి నడిచింది. నలుగురూ అక్కడే ఉన్నారు.

“నా బిడ్డకు ముట్టు ఆగింది. తినకుండ ఉరికి ఆగింది. తింటాంది, వస్తది. మా సారక్కకు కూడా శిబిరంల ఆకలికే ఆగింది. గొడ్రాలని ఊరంత అన్నది, నేను తెలిసి ఊకున్న. ఇంకా ఏమన్న అడుగుతరా?”

నలుగురూ బిందెలు అందుకున్నారు. ఒక ముసలమ్మ మాత్రం బిందె ఎత్తుకోబోయి ఆగి, “నాకూ ఆగింది పిల్లా, అప్పుడు” అంది. ఆ ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. మిట్టమధ్యాహ్నం ఉప్పలమ్మ పూలు ఎండబోస్తుంటే పాకలోంచి కేక వినబడింది. “అమ్మా!”

పరుగున పోయింది. ప్రశాంతి గుమ్మం లోపల నిలబడి ఉంది. ఒక ప్యాకెట్ విప్పి ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. చేతిలో బొగ్గుముక్క.

“గీత పెట్టనా అమ్మా?”

ఉప్పలమ్మ మూలకేసి చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తిన్నగా చూసింది. శిబిరానికి ముందువీ తరవాతవీ అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో ఏది నిజమో ఏది అబద్ధమో సారక్కకే తెలుసు.

“పెట్టకు. ఇంట్లకు రా, అన్నం తిందువు.”

“ఇంట్లకా? ఇయ్యాలనా?”

“ఇయ్యాలనే.”

కూతురి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చి పీట వేసింది. కంచం పెట్టింది. దాని పక్కన ఇంకో కంచం పెట్టి, అందులోనూ నిండా వడ్డించింది. ప్రశాంతి ఆ కంచాన్ని తన పక్కకు జరుపుకుంది.

ఉప్పలమ్మ వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎండలో పాక తలుపు బార్లా తెరిచి ఉంది.

“సారక్కా,” అని పిలిచింది. “నీకూ వడ్డించిన. ఇంట్లకు రా.”