కర్ర పలికే తీరు

ఐస్ హాకీ శిక్షణకు బయల్దేరుతూ మా అమ్మాయి కొత్త కర్ర మీద బరువంతా వేసి వంచి చూస్తోంది. విరుగుతుందేమోనని కర్ర పట్టుకోబోయాను.

"విరగదు మా, వంగేదానికే చేసినారు."

బంగారుపాళ్యం బడిలో నాతో హాకీ ఆడినవాళ్లారా, మన చింతకొమ్మ కర్రలు గుర్తున్నాయా? మా నాయన ప్రతి ఆటకు ముందు నా కర్రను, కుండ కొనేటప్పుడు చూసినట్టు, వేలితో కొట్టి చెవి పెట్టేవాడు. "కంగుమని పలకల్ల. మొద్దుగా పలికితే లోపల పగులుండాది" అనేవాడు.

ఒకరోజు ఆయన ఊళ్లో లేడు. నేనే కొట్టి చూశాను. మొద్దుగా పలికింది. ఇంకో కర్ర లేక దాంతోనే ఆడాను. విరిగిన ముక్క ఎగిరి, మనతో ఆడుతున్న సుగుణ కంటి పక్కన తగిలింది. కన్ను దక్కింది, మచ్చ మిగిలింది.

ఇప్పుడు అమ్మాయి కర్రను వేలితో కొట్టి చెవి పెట్టాను. మొద్దుగానే పలికింది.

"ఇది కట్టె కాదు మా, కార్బన్. మంచిదైనా అట్లే పలుకుతాది."

సుగుణా, నువ్వైతే నమ్ముతావా?